బొర్రా దాకా రైల్లో, ఆపైన కాలినడకన: విశాఖ నుంచి ఒక పూట అడవి ప్రయాణం

విశాఖపట్నానికి చుట్టాలొస్తే మనవాళ్ళు మొదట చెప్పే మాట "అరకు రైలెక్కించండి" అని. ఎక్కిస్తారు. వాళ్ళు నాలుగు గంటలు కూర్చుని అరకులో దిగుతారు, మ్యూజియం చూస్తారు, బొంగు చికెన్ తింటారు, సాయంత్రం కారులో కునికిపాట్లు పడుతూ తిరిగొస్తారు. మధ్యలో అంత అడవి దాటి వెళ్ళినా అందులో ఒక్క అడుగూ వెయ్యరు. నా మాట విని ఒక్కసారి అరకు దాకా వెళ్ళకండి. బొర్రా గుహలు స్టేషన్లో దిగిపోండి. ఘాట్‌లో చూడాల్సిన అందంలో ముప్పాతిక అప్పటికే చూసేసి ఉంటారు. మిగిలిన పూటంతా మీ కాళ్ళకి ఇవ్వండి.

పూట అంటే కొండ మీద గడిపే పూట. తెల్లవారుజామున ఇల్లు వదలాలి, తొమ్మిదిన్నర, పది మధ్య బొర్రాలో దిగాలి, రెండు గంటలకల్లా తిరుగుముఖం పట్టాలి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండాలి. సెలవు పెట్టక్కర్లేదు, హోటల్ గది తీసుకోనక్కర్లేదు.

రెండు సంగతులు ముందే చెప్పేస్తాను, ఆశపడి వెళ్ళి నిరాశపడకూడదు కదా. మా అమ్మమ్మ చివరిదాకా రైలుని పొగబండి అనే పిలిచింది. ఆ పొగ, ఆ ఆవిరి కూత ఈ దారిలో దొరకవు, ఇప్పుడు నడిచేవన్నీ కరెంటు ఇంజన్లే. కొండెక్కే ఆవిరి ఇంజన్ చూడాలన్న కోరిక గట్టిగా ఉంటే నీలగిరుల్లో మెట్టుపాళయం నుంచి కూనూరు వెళ్ళే చిన్న రైలు ఎక్కండి, అక్కడ ఇప్పటికీ ఉంది. రెండోది అడవి సంగతి. కేరళ వైపు ఉండే వర్షారణ్యం లాంటిది కాదు ఇది. తూర్పు కనుమల్లోని ఆకురాల్చే తేమ అడవి. వాగుల పక్కన, లోయ మడతల్లో మాత్రం ఏడాదంతా పచ్చగా, చీకటిగా ఉంటుంది. మార్చి చివర్లో వెళ్తే గట్ల మీద చెట్లు చాలావరకు మోడులై కనిపిస్తాయి. అందుకే ఏ నెలలో వెళ్తున్నారన్నది ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యం.

ఎప్పుడు వెళ్ళాలి

నా లెక్కలో అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు మొదటి వారం దాకా. వానలు తగ్గి ఉంటాయి, వాగుల్లో నీళ్ళు ఇంకా ఉంటాయి, గాలి కడిగినట్టు ఉంటుంది. నవంబరు వచ్చేసరికి కొండవాలు మీద అక్కడక్కడ వలిసె పొలాలు పసుపు ఆరబోసినట్టు పూస్తాయి. డిసెంబరు నెలాఖరు, సంక్రాంతి సెలవులు, కార్తీకమాసం ఆదివారాలు వద్దు. వనభోజనాల వాళ్ళు, పిక్నిక్ బస్సులు అన్నీ ఒకేసారి దిగుతాయి, గుహలో మనిషి మీద మనిషి. మంగళవారమో బుధవారమో కుదిరితే అంతకంటే అదృష్టం లేదు.

జూలై నుంచి సెప్టెంబరు వరకు ఈ అడవి నిజంగా అడవిలా ఉంటుంది. మబ్బు రైలు పెట్టెలోకి వచ్చేస్తుంది, ప్రతి బండరాయి మీంచి నీళ్ళే. నాకు చాలా ఇష్టమైన కాలం. కానీ అప్పుడు రెండు జాగ్రత్తలు తప్పవు. భారీ వర్షం పడితే ఘాట్‌లో బండరాళ్ళు, మట్టి పెళ్ళలు పట్టాల మీద పడి రైళ్ళు ఆగిపోవడం ఈ లైన్లో మామూలే. కాబట్టి ముందురోజు రాత్రి రైలు నడుస్తోందో లేదో చూసుకోండి. రెండోది, వాతావరణ శాఖ తుపాను హెచ్చరికో అల్పపీడనమో చెప్పిన రోజుల్లో వెళ్ళనే వద్దు.

టికెట్

మీకు కావాల్సింది విశాఖపట్నం–కిరండూల్ ప్యాసింజర్. పొద్దున్న ఏడు లోపే బయలుదేరుతుంది. టైమూ, నంబరూ మధ్యమధ్యలో మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు ఒకసారి, ముందురోజు ఒకసారి చూసుకోవాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. శని, ఆదివారాలైతే తెరిచిన కొద్దిరోజులకే అద్దాల పెట్టె నిండిపోతుంది.

అద్దాల పెట్టె అంటే విస్టాడోమ్. 2017లో ఈ రైలుకి తగిలించారు. పెద్దపెద్ద అద్దాలు, పైకప్పులో కూడా అద్దాలు, చుట్టూ తిరిగే కుర్చీలు. పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే, ఎండాకాలమైతే, మొదటిసారి అయితే అది తీసుకోండి, డబ్బుకి న్యాయం జరుగుతుంది. నా వరకు నేను మామూలు పెట్టెలో కిటికీ సీటే బుక్ చేస్తాను. అద్దం వెనక నుంచి చూస్తే అడవి బొమ్మలా ఉంటుంది. తెరిచిన కిటికీలోంచి అయితే తడిమట్టి వాసన, సొరంగంలో చల్లగా ముఖానికి కొట్టే గాలి, ఎక్కడో నీళ్ళు దూకుతున్న చప్పుడు, అన్నీ కలిసి వస్తాయి. జనరల్ పెట్టె మాత్రం సెలవు రోజుల్లో వద్దు. కొత్తవలస దాటేసరికి కాలు పెట్టే చోటు ఉండదు.

ఏ వైపు కూర్చోవాలని అందరూ అడుగుతారు. ఘాట్‌లో లైను వంపులు తిరుగుతూ పోతుంది, లోయ ఒకసారి ఇటు వస్తుంది, ఒకసారి అటు వస్తుంది. ఎదుటి సీటు వాళ్ళతో మాట కలపండి, వంతులవారీగా కిటికీ మార్చుకుంటారు. మనవాళ్ళు ఆ పాటి సర్దుబాటు చెయ్యకపోరు. తలుపు దగ్గర మెట్ల మీద కూర్చుని కాళ్ళు వేలాడెయ్యడం, సెల్ఫీ కోసం బయటికి వంగడం మాత్రం చెయ్యకండి. సొరంగం గోడ పెట్టెకి ఎంత దగ్గరగా ఉంటుందో లోపలికి వెళ్ళాక గానీ తెలియదు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

తక్కువ బరువు, అంతే. పట్టు బాగా ఉన్న బూట్లు వేసుకోండి, రబ్బరు చెప్పులు, మడమల చెప్పులు వద్దు. గుహలోనూ జలపాతం దగ్గరా నేల తడి. నిండు చేతుల చొక్కా, పూర్తి ప్యాంటు. దోమల క్రీము తప్పనిసరి, ఎందుకో చివర్లో చెప్తాను. మనిషికి లీటరున్నర నీళ్ళు. చిన్న టార్చి, ఒక తువ్వాలు, ఒక జత పొడి మేజోళ్ళు, చలికాలమైతే స్వెట్టరు. చిల్లర నోట్లు బాగా పెట్టుకోండి. కొండ మీద సిగ్నల్ ఒకచోట ఉంటే ఒకచోట ఉండదు, ఫోన్లో డబ్బు పంపుదామంటే జీపు అబ్బాయి ముందు ఫోను పైకెత్తి తిరగాల్సి వస్తుంది. తిరుగు బస్సు వివరాలు, ఇంటి నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి.

తిండికి ఇంటి నుంచి పులిహోర తెచ్చుకోవడం మేలు. చద్దన్నం కలిపినదైనా, చపాతీలైనా సరే. మధ్యాహ్నం దాకా పాడవనిది ఏదైనా పర్లేదు. చిప్స్ ప్యాకెట్లు మాత్రం కనిపించేలా చేతిలో పట్టుకోకండి. గుహల ముఖద్వారం దగ్గర కోతులు ఉంటాయి, వాటికి కవరు చప్పుడు చాలు.

రైల్లో

ఆరుంబావుకి స్టేషన్లో ఉండండి. జ్ఞానాపురం వైపు గేటు నుంచి వచ్చేవాళ్ళు ప్లాట్‌ఫారం ఎటు ఉందో బోర్డు చూసుకుని వంతెన ఎక్కండి, ఆఖరి నిమిషంలో పరుగులు వద్దు. కొత్తవలస, శృంగవరపుకోట వైపు ఊళ్ళవాళ్ళు అక్కడే ఎక్కొచ్చు.

కొత్తవలస వరకు ఊరు, ఫ్యాక్టరీలు, కొబ్బరిచెట్లు. అక్కడ మన రైలు హౌరా లైను వదిలి ఎడమకి తిరుగుతుంది. ఇక్కడి నుంచే అసలు కె.కె. లైను, అంటే కొత్తవలస–కిరండూల్. బస్తర్‌లోని బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి దించి జపాన్‌కి పంపడం కోసం 1960లలో జపాన్ సహకారంతో వేసిన దారి ఇది. మనుషుల కోసం వేసింది కాదు. ఆ సంగతి రైలు నడక చూస్తేనే తెలుస్తుంది. దాదాపు అంతా ఒకే లైను మీద నడిచిన దారి కాబట్టి ఎర్రదుమ్ము పట్టిన ఖనిజం వ్యాగన్లు కిందికి దిగుతుంటే మన ప్యాసింజర్ ఏదో ఒక స్టేషన్లో పక్కకి జరిగి నిలబడుతుంది. పావుగంట, ఒక్కోసారి అరగంట. విసుక్కోకండి. ఆ స్టేషన్లలో దిగి రెండు అడుగులు వేసినా పక్షుల అరుపు తప్ప ఇంకేమీ వినపడదు. ఇంజన్ కూత వెయ్యగానే ఎక్కెయ్యండి, అంతే.

శృంగవరపుకోటలో జామకాయలో, పల్లీలో కొనుక్కోండి. బొడ్డవర దాటాక కూర్చున్నచోట నిటారుగా అవ్వండి, ఫోను లోపల పెట్టండి. శివలింగపురం నుంచి బండి కొండెక్కుతుంది. వేగం తగ్గిపోతుంది, ఇంజన్ మూలుగు మారుతుంది. మొదటి సొరంగం వస్తుంది, పిల్లలందరూ ఒకేసారి కేక వేస్తారు. ఈ లైనులో 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు అని చెప్తారు. లెక్కపెట్టే పని పిల్లలకి అప్పజెప్పండి, బొర్రాలో దిగేదాకా ఇక వాళ్ళతో పేచీ ఉండదు. ఏ వంపులోనైనా వెనక్కి తిరిగి చూస్తే మీరు పది నిమిషాల కింద దాటిన పట్టాలే కొండకి మొలతాడు కట్టినట్టు కింద కనిపిస్తాయి.

త్యాడ, చిమిడిపల్లి. ఆ తర్వాత మన బొర్రా గుహలు. చిమిడిపల్లి దాటగానే సంచులు సర్దుకోండి. రైలు ఇంకా పైకి, శిమిలిగుడ మీదుగా అరకుకి వెళ్ళిపోతుంది. శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద 996.32 మీటర్ల ఎత్తు అని రాసి ఉండేది. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటికంటే ఎత్తని చాలా ఏళ్ళు చెప్పుకునేవాళ్ళు. కాశ్మీర్ లైను వచ్చాక ఆ పేరు పోయింది. దాన్ని ఇంకోసారి చూద్దురుగాని.

గుహలు ముందు, నడక తరవాత

రైలు దిగిన జనమంతా ఒక్కసారిగా గుహల వైపు నడుస్తారు. మీరు వెళ్ళకండి. స్టేషన్ బయట టీ తాగండి, తెచ్చుకున్న టిఫిన్ తినండి, కాళ్ళు చాపుకోండి. బొంగు చికెన్ తినాలనుంటే ఇప్పుడే ఆర్డరు చెప్పెయ్యాలి. నూనె లేకుండా మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. అరగంట పైనే పడుతుంది. తిరిగొచ్చాక చెప్తే ఆకలితో బొంగు వంక చూస్తూ కూర్చోవాలి. "ఒంటిగంటన్నరకి వస్తాం, అప్పటికి కాల్చి ఉంచండి" అని చెప్పి కొంత డబ్బిచ్చి వెళ్ళండి. ముందే కాల్చి పెట్టేసిన బొంగులు తీసుకోవద్దు.

గుహల టికెట్ కౌంటరు పదిగంటలకి తెరుస్తారు. కార్లలో వచ్చే జనం పదకొండు దాటాక దిగుతారు. ఆ మధ్య గంటే మీది.

లోపలికి దిగేటప్పుడు మొదట నోరు తెరుచుకుని పైకి చూస్తాం, అందరం అంతే. చూడండి. కానీ తరవాత ఒక పని చెయ్యండి. మనుషులు తక్కువగా ఉన్న మూల ఒకటి చూసుకుని, తల ఎత్తితే అందేంత ఎత్తులో వేలాడుతున్న ఒక సున్నపురాతి కొనని ఎంచుకోండి. చేత్తో ముట్టుకోకండి, చూడటమే. కొన చివర ఒక నీటిచుక్క ఉంటుంది. నిండుతూ నిండుతూ ఉంటుంది. దీపం వెలుగు అందులో తలకిందులుగా కనిపిస్తుంది. చాలాసేపు పడదు. ఇక పడదేమో అనుకునేలోపు పడుతుంది. ఆ చుక్క పైన అడవి మీద కురిసిన వాన. ఆకులు కుళ్ళిన మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ పులుపుతో సున్నపురాయిని కరిగిస్తుంది. గుహలో గాలి తగలగానే ఆ వాయువు వదిలేసి, కరిగించుకొచ్చిన సున్నంలో ఓ రవ్వంత ఆ కొనకే అంటించి పోతుంది. కింద పడిన చోట ఇంకో రవ్వంత. పైనుంచి ఒకటి దిగుతుంటే కింద నుంచి ఒకటి లేస్తుంది. కలిసినచోట స్తంభం. ఇన్ని స్తంభాలు ఎలా వచ్చాయో ఆ ఒక్క చుక్క దగ్గర నిలబడితే అర్థమవుతుంది. చేతి జిడ్డు అంటితే ఆ చోట సున్నం సరిగా పట్టదు. ముట్టుకోవద్దన్నది అందుకే.

ఎత్తుమీద శివలింగంగా కొలిచే రాయి ఉంది. శివరాత్రికి చుట్టుపక్కల గూడేల నుంచి జనం వస్తారు. అక్కడివాళ్ళు చెప్పే కథ ఒకటి: గుహ పైకప్పులో ఉన్న బొర్రలోంచి ఒక ఆవు లోపల పడిపోయిందట, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి ఆవూ దొరికింది, లింగమూ కనపడింది. ఆ ఆవు పొదుగులోంచి పుట్టింది కాబట్టి ఇక్కడి నది గోస్తని. మెట్లు ఎక్కలేనివాళ్ళు కింద విశాలంగా ఉన్న మొదటి హాలులోనే ఆగిపోవచ్చు, పెద్దగా పోగొట్టుకునేది ఉండదు. గబ్బిలాలు ఉంటాయి. ఫ్లాష్ కొట్టి, అరిచి వాటిని లేపకండి. పిల్లలకి ఇక్కడే చెప్పండి, మన రైలు లైను ఈ గుహ ఉన్న కొండ మీంచే పోతుందని.

కటికి దారి

పదకొండుకల్లా గుహల్లోంచి బయటపడండి. ఇప్పుడు నడక.

కటికి జలపాతం బొర్రాకి నాలుగైదు కిలోమీటర్లు. కారు వెళ్ళదు, రాళ్ళు తేలిన దారి. స్టేషన్ దగ్గర, గుహల దగ్గర జీపులు ఉంటాయి. కుర్రాళ్ళైతే రెండు వైపులా నడవొచ్చు. కానీ గుహ మెట్లెక్కి వచ్చిన కాళ్ళతో మొత్తం నడిస్తే టైము చాలదు, మోకాళ్ళూ ఒప్పుకోవు. జీపులో వెళ్ళి నడిచి తిరిగి రావడమే సరైన పద్ధతని చాలాసార్లు వెళ్ళాక నాకు కుదిరిన మాట. వెళ్ళేటప్పుడు జీపు కుదుపుల్లో దారి గుర్తుపట్టుకోండి. వచ్చేటప్పుడు అదే దారి, తప్పిపోయే భయం ఉండదు.

జీపు ఎక్కకముందే మూడు మాటలు తేల్చుకోండి: మొత్తం ఎంత, జలపాతం దగ్గర ఎంతసేపు ఆగుతారు, తిరుగు ప్రయాణంలో మేము నడుస్తాం కాబట్టి ఎంత తగ్గిస్తారు. ఒకసారి నేను ఏమీ మాట్లాడకుండా ఎక్కేశాను. పైకి వెళ్ళాక "పావుగంటే సార్, ఇంకో ట్రిప్పుంది" అన్నారు. ఆ రోజు మాతో మా పెద్దమ్మ ఉంది, ఆవిడ జలపాతం దాకా నడిచి చేరేసరికే పావుగంట అయిపోయింది. నీళ్ళలో కాలు పెట్టకుండా వెనక్కి వచ్చింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. తగ్గించకపోయినా సరే, రెండు వైపులకీ ఇచ్చేసి నడవండి. దారిలో ఎవరికైనా కాలు మడతపడితే అదే జీపు ఆసరా.

జీపు ఆగాక ఇంకొంత దూరం బండల మీద ఎక్కాలి. వెదురు కర్రలు అమ్ముతారు, ఒకటి తీసుకోండి. జలపాతం దగ్గర తడవండి, కూర్చోండి, నీళ్ళు పడే గుంటలోకి మాత్రం దిగకండి. నాచు పట్టిన రాయి మీద కాలు పెడితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఇంకొకటి గుర్తు పెట్టుకోండి: పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు పెరుగుతాయి. తేటగా పడుతున్న నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కెయ్యండి. ఒక్క ఫోటో అని ఆగకండి.

ఇక తిరుగు నడక. ఈ ప్రయాణమంతా నేను చేసేది ఈ గంటన్నర కోసమే.

నెమ్మదిగా నడవండి. గుంపుగా వెళ్తే ముందున్నవాళ్ళు మాట్లాడకుండా నడవాలని ఒప్పందం చేసుకోండి. దారి పక్కన వెదురు పొదలు గాలికి ఒకదానికొకటి రాసుకుని తలుపు కిర్రుమన్నట్టు చప్పుడు చేస్తాయి. చేపతోక ఆకారంలో ఆకులున్న పొడుగాటి చెట్టు కనిపిస్తే అది జీలుగు, పైన కుండ కట్టి ఉంటే కల్లు తీస్తున్నారని. వానలు పడే నెలల్లో వాగు దగ్గర ఎవరో కుర్రాడు దారితప్పి ఈల వేసుకుంటున్నట్టు వినిపిస్తుంది. వెతికితే మనిషి ఉండడు. అది నీలిరంగు ఈలపిట్ట.

నీడలో నడుస్తుంటే పెద్ద చెట్ల కింద నిగనిగలాడే ఆకుల పొదలు కనిపిస్తాయి, అవి కాఫీ. పైన నిటారుగా ఉన్నవి సిల్వర్ ఓక్‌లు, వాటికి పాకినవి మిరియాల తీగలు. నీడలో పెరుగుతుంది కాబట్టే ఇక్కడి కాఫీ పండు నెమ్మదిగా పండుతుంది. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏప్రిల్‌లో వేసవి జల్లు పడ్డాక వెళ్తే కొమ్మంతా తెల్లటి పూలు, మల్లెపూల వాసన. నవంబరు నుంచి పళ్ళు ఎర్రబడతాయి. చెయ్యి చాపితే అందుతాయి. కొయ్యకండి. ఆ గింజలు ఒక గిరిజన కుటుంబం ఏడాది సంపాదన, ఒక్కొక్క పండూ చేత్తో ఏరుకుంటారు.

ఓసారి నవంబరులో ఆ దారిలో ఒక పెద్దావిడ చెట్టు మొదట్లో కూర్చుని అడ్డాకులు కుడుతోంది. మా చెమట ముఖాలు చూసి "ఏటి బాబూ, జీపు పాడైపోనాదా?" అంది. నడవడానికే వచ్చామమ్మా అంటే నమ్మలేదు. పక్కన కూర్చోమంది. అడ్డాకు రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినట్టుంటుంది, మధ్యలో చీలిక. ఆవిడ ఆకుని ఆకు మీద ఓ వేలు వెడల్పు ఎక్కించి, వెదురు పుల్లని గోటితో చీల్చి, గుచ్చి, మలిచి, తుంచేసేది. గుచ్చడం, మలచడం, తుంచడం, మూడూ కలిసి ఒకే కదలిక. నేను ఒక విస్తరి కుట్టేలోపు ఆవిడ ఆరు కుట్టింది, నాది ఆవిడే మళ్ళీ విప్పి కుట్టింది. ఒక కట్ట కొనుక్కుని ఆ మధ్యాహ్నం పులిహోర అందులోనే తిన్నాం. మీకూ అలాంటివాళ్ళు కనిపిస్తే విస్తర్లో, పసుపో, అల్లమో, చలికాలం చివరైతే కొండచీపుర్లో కొనండి. బేరం ఆడకండి. ఫోటో తీసుకోవాలంటే ముందు అడగండి, వద్దంటే నవ్వి వచ్చెయ్యండి.

ఊళ్ళ పక్కనుంచి వెళ్ళేటప్పుడు పాటలు పెట్టకండి. మీరు తెచ్చిన ప్రతి ప్లాస్టిక్ సీసా, కవరు మళ్ళీ విశాఖలో మీ చెత్తబుట్టలోనే పడాలి. గాజుసీసాలు పగలగొట్టిపోయే వాళ్ళ సంగతి తలుచుకుంటే కడుపు మండుతుంది, ఆ దారిలో చెప్పుల్లేకుండా నడిచే పిల్లలున్నారు.

తిరుగు ప్రయాణం

ఒంటిగంటన్నరకి బొర్రా. బొంగు విప్పించుకుని తినండి. రెండింటికి బయలుదేరండి. సాయంత్రం కిరండూల్ నుంచి వచ్చే రైలు ఉంది కానీ అది అరకు నుంచి దిగి విశాఖ చేరేసరికి బాగా రాత్రవుతుంది, ఆలస్యం కూడా మామూలే. పైగా చలికాలంలో సగం ఘాట్ చీకట్లోనే దిగుతుంది. రోడ్డే మేలు. షేర్ జీపులోనో ఆటోలోనో అరకు మెయిన్ రోడ్డు దాకా వచ్చి అక్కడ అరకు నుంచి శృంగవరపుకోట మీదుగా విశాఖ వెళ్ళే ఆర్టీసీ బస్సు పట్టుకోండి. బొర్రా నుంచి విశాఖ తొంభై కిలోమీటర్ల చిల్లర, మూడు గంటలు వేసుకోండి. ఘాట్ మలుపులకి వాంతులయ్యేవాళ్ళు ముందు సీట్లలో కూర్చుని, కడుపునిండా తినకుండా ఎక్కాలి. నిమ్మకాయ ఒకటి చేతిలో ఉంచుకోవాలి. నలుగురైదుగురు ఉంటే బొర్రా నుంచే కారు మాట్లాడుకోవచ్చు, అయితే పొద్దున్నే మాట్లాడి పెట్టుకోవాలి.

దోమల సంగతి చివర్లో చెప్తానన్నాను. ఏజెన్సీలో మలేరియా ఉంది, వానాకాలంలోనూ ఆ వెంటనే వచ్చే నెలల్లోనూ ఎక్కువ. ఒక్క పూటకే కదా అని తేలిగ్గా తీసుకోకండి. తిరిగొచ్చాక నెలరోజుల్లోపు చలితో జ్వరం వస్తే సొంతంగా మాత్రలు వేసుకుని ఆగిపోకుండా అదేరోజు రక్తపరీక్ష చేయించుకోండి. బొర్రా ఉన్నది అనంతగిరి మండలంలో, డాక్టరుతో "అనంతగిరి వైపు వెళ్ళొచ్చాం" అన్న మాట తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం రెండు రోజులు ముందే మొదలవుతుంది.

పిల్లలతో వెళ్ళినవాళ్ళకి ఇంకో చిన్న పని ఉంది. బొర్రాలో చూసిన గోస్తని అక్కడితో ఆగదు. కొండ దిగి తాటిపూడి రిజర్వాయర్లో చేరుతుంది, విశాఖకి తాగునీరిచ్చే జలాశయాల్లో అదొకటి. అక్కణ్ణుంచి సాగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వచ్చే ఆదివారం సాయంత్రం పిల్లల్ని భీమిలి తీసుకెళ్ళి నది సముద్రంలో కలిసే చోట నిలబెట్టండి. గుహలో ఆ చుక్క పడటం చూసిన పిల్లలు ఏం అడుగుతారో వినండి.